ఇరవైమూడో మిషను

సూది వేలిలో దిగింది. భాగ్యకు తెలియలేదు. తెల్ల కాలరు మీద ఎర్రచుక్క చూసి, ఎవరిదో అనుకుంది. ఎడమ చూపుడువేలు తిప్పి చూసుకుంటే గోరు పక్కనుంచి రక్తం కారుతోంది. నొప్పి లేదు. ఆ నొప్పి లేకపోవడమే ఆమెను భయపెట్టింది. ఏడాదిగా మెడ ఎడమపక్క మొదలై భుజం మీదుగా ఆ వేలిదాకా ఎవరో తీగ పట్టి లాగుతున్నట్టే ఉండేది. ఇప్పుడు తీగ ఉంది, వేలు లేదు.

"పీసు పోయిందక్కా," అంది పక్క మిషను మీది శ్రీదేవి. తర్వాత వేలు చూసి నాలుక కరుచుకుంది. "అయ్యో!"

ఆ ఫ్యాక్టరీలో సూది విరిగితే ముక్కలన్నీ ఏరి రిజిస్టరులో టేపుతో అంటించాలి. ఒక్క ముక్క దొరక్కపోయినా లైనంతా ఆగుతుంది. వేలికి అట్లాంటి రిజిస్టరు లేదు. భాగ్య గుడ్డపీలిక చుట్టుకుని మళ్లీ కూర్చుంది.

మరునాడు గురువారం. హిందూపురం ఆసుపత్రిలో డాక్టర్ రఘునాథ్ ఆమె మెడ స్కానింగ్ ఫిల్మును వెలుతురు పెట్టె మీద బిగించాడు. పెన్ను మూతతో ఒకచోట తట్టాడు.

"ఇదిగో, ఐదో ఎముకకూ ఆరో ఎముకకూ నడుమ ఉండే మెత్త అరిగిపోయింది. బయటికి జారి నరాన్ని నొక్కుతోంది. నొప్పి వరకే అయితే మందులతో చూద్దామనేవాణ్ని. వేలికి స్పర్శ పోయిందంటే ఆపరేషన్ గురించి ఆలోచించాల్సిందేనమ్మా."

"ఎట్ల అరిగింది సార్?"

"వయసు."

"ముప్పై ఏడు సార్ నాకు."

"కొందరికి ముందే వస్తుంది."

"మరి ఎడంపక్కే ఎందుకొచ్చింది? కుడిపక్క రాయి మాదిరి ఉండాది."

డాక్టరు తలెత్తి చూశాడు. "కొందరికి అలా వస్తుంది."

కొందరు. ఆ కొందరెవరో చూడాలనిపించింది భాగ్యకు.

ఆపరేషన్ మెడకు ముందు పక్కనుంచి చేస్తారని చెబితే ఆమె ముందుకు వంగింది. "నొప్పి ఎనకాల ఉంటే ముందర కోస్తారా?"

"లోపలికి పోవడానికి అదే సులువు దారి."

"అవులే, చొక్కాకైనా ముందరే కదా తెరుపు," అంది భాగ్య.

డాక్టరు విననట్టే చెప్పుకుపోయాడు. అరిగిన మెత్త తీసేసి రెండు ఎముకల్నీ అతికిస్తారు. నరం మీద ఒత్తిడి పోతుంది. పోయిన స్పర్శ మొత్తం తిరిగి వస్తుందని మాటివ్వలేడు, ఉన్నది పోకుండా ఆగొచ్చు. మెడ ఆపరేషన్ కాబట్టి కొంత అపాయం ఉండనే ఉంటుంది. "ఇంట్లో మాట్లాడుకుని సోమవారం సాయంత్రానికి చెప్పు. అందాకా కాలరు పెట్టుకో."

"దినానికి నాన్నూరు పెడతా సార్."

"ఏమిటి?"

"కాలర్లు సార్. చొక్కాలకి. నా పనే అది."

నర్సు పకపకా నవ్వింది. డాక్టరూ నవ్వాడు. నవ్వాడు గానీ, ఆ పని ఎట్లా చేస్తావని అడగలేదు. ముందున్న కాగితంలో 'కారణం' అన్న గడిలో ఇంగ్లీషులో ఒక్క మాట రాశాడు.

"ఏం రాసినారు సార్?"

"చెప్పాను కదమ్మా. వయసు."

ఇంటికొచ్చేసరికి భర్త తిరుపాల్ గూడ్సు ఆటో కడుగుతున్నాడు. ఆమె మెడకు డాక్టరు పెట్టించిన కాలరు పట్టీ చూసి పైపు కింద పడేశాడు. సంగతంతా విని, "మెడ మీద కత్తి పెట్టనిచ్చేది లేదు," అన్నాడు. "చిలమత్తూరు పక్కన నరాలు సరిజేసే ఆయప్ప ఉండాడు. నూనె పోసి ఒక్క తిప్పుడు తిప్పుతాడు."

"తిప్పితే వేలు తిరిగొస్తాదా?"

"ఆపరేషన్ చేస్తే వస్తాదని రాసిచ్చినారా?"

రాసివ్వలేదు. అన్నాలయ్యాక అతనే వెనక కూర్చుని మెడకు నూనె రాశాడు. బొటనవేలు ఎడమవైపు ఒకచోట ఆగింది. "ఈడ గడ్డ కట్టినట్టుండాదే. కుడిపక్క ఏమీ లేదు."

"అదే నేనూ అడుగుతాండేది. ఈ పక్క చేసిన పాపమేంది?"

"ఎడంపక్క నేను పడుకుంటా కదా. నా గురకకు అరిగుంటాది."

నవ్వింది. నవ్వితే మెడ పట్టేసింది.

శుక్రవారం పట్టీతోనే పనికి పోయింది. తలకింద గోడ కట్టినట్టుంది. సూది కనిపించాలంటే నడుముతో సహా వంగాల్సి వచ్చింది. పది గంటలకు సూపర్వైజర్ శివప్రసాద్ వచ్చాడు. మడకశిర మనిషి, మాటలో కన్నడం దొర్లుతుంది. ఒకప్పుడు అక్కడ సొంతంగా టైలరు అంగడి నడిపాడు.

"ఏనమ్మా భాగ్యా, మెడలోది తీసెయ్."

"డాక్టరు పెట్టమన్నాడు సార్."

"డాక్టరొచ్చి టార్గెట్ ఇస్తాడా? పన్నెండుకు ఆడిటోళ్లు వస్తాండారు. చూస్తే నూరు ప్రశ్నలేస్తారు. ఆ బీరువాలో పెట్టు, ఇంటికి పోయేటప్పుడు తీసుకో."

ఫ్యాక్టరీలో మెడకు పట్టీ కనిపించకూడదు. మెడకు నొప్పి ఉండొచ్చు, దానికి అభ్యంతరం లేదు.

సూదుల రిజిస్టరు పక్కనే ఇనప బీరువా. తలుపు తీసి కింది అరలో పెట్టబోయి భాగ్య ఆగిపోయింది. పాత దారపు కండెల వెనక పట్టీలున్నాయి. ఒకటి కాదు. బయటికి లాగి లెక్కపెట్టింది. తొమ్మిది. మాంసం రంగు స్పాంజి పసుపెక్కింది, అంటుకునే పట్టీల నిండా దారపు నూగు. ప్రతిదాని మీదా బండిల్ స్టిక్కరు, స్టిక్కరు మీద మిషను నంబరు. లైనులో అందరిదీ ఆ అలవాటే. కత్తెర, నీళ్ల బాటిలు, కుర్చీ మీది దిండు, అన్నం క్యారియర్ అన్నిటికీ మిషను నంబరే వేస్తారు. పేరు రాస్తే లైనుకు నలుగురు లక్ష్ములు ఉంటారు.

ఎనిమిది. నలభై ఒకటి. పదిహేడు. ఇరవైమూడు. ముప్పై. చేతిలోని తన పట్టీ చూసుకుంది. ఇరవైమూడు. మళ్లీ వెతికింది. ఆ తొమ్మిదిలోనే అడుగున ఇంకొకటి దొరికింది. అదీ ఇరవైమూడే.

"ఏం చూస్తాండావు అంతసేపు?" శివప్రసాద్ అరిచాడు.

"చీరలంగడి మాదిరి ఉండాది సార్. ఏది తీసుకోవల్లో తెలీలేదు."

మధ్యాహ్నం అన్నాల దగ్గర, ఆ ఇరవైమూడు నంబరు పట్టీలు ఎవరివని దారపు చెత్త ఊడ్చే వెంకటక్కను అడిగింది. ఫ్యాక్టరీ తెరిచిన మొదటిరోజు నుంచీ చీపురు పట్టిన మనిషి.

"అంచుకి జరీగుడ్డ కుట్టుండాదా ఒకదానికి? అది రమాదేవిది, ధర్మవరం. మెడకి ఒరుసుకుంటాదని చీర అంచు కోసి కుట్టుకున్యాది. లోపల సిలువ గీసిండేది ఎస్తేరమ్మది, పెనుకొండ. నువ్వు వచ్చే ముందర వరకూ ఆయమ్మే కదే ఆ మిషను మీద."

"ఇద్దరికీ మెడేనా?"

"మెడ కాకపోతే పట్టీ కాలికి కట్టుకుంటారా?" వెంకటక్క పెరుగన్నం కలుపుతూ అంది. "ఎస్తేరమ్మ ఆపరేషన్ చేపిచ్చుకున్యాది. రమాదేవి భయపడి చేపిచ్చుకోల్యా."

భాగ్య ముద్ద నోట్లో పెట్టుకోవడం మరిచింది. ఒకరు చేయించుకున్నారు. ఒకరు చేయించుకోలేదు. తనకు కావలసిన రెండు జవాబులూ రెండు ఊళ్లలో బతికి ఉన్నాయి.

ఇంటికి పోయేటప్పుడు పట్టీ తీసుకోమని శివప్రసాదే అన్నాడు కదా, సాయంత్రం ఇరవైమూడు అని ఉన్నవి మూడూ తీసుకుని సంచిలో వేసుకుంది. అన్నీ తన నంబరువే.

ఆదివారం పొద్దున, వెంకటక్క చెప్పిన గుర్తులు పట్టుకుని, రైలెక్కి పెనుకొండలో దిగింది. తిరుపాల్ రానన్నాడు. "నువ్వు మెడ కోయించుకోడానికి బేరానికి పోతాండావు, నేను సాక్షికొచ్చేదా?" అన్నాడు గానీ స్టేషను దాకా ఆటోలో దింపాడు.

ఎస్తేరమ్మ చర్చి నుంచి నేరుగా వచ్చి బస్టాండు పక్కన బజ్జీల బండి దగ్గర నిలబడి ఉంది. తెల్లచీర మీద పాత చొక్కా తొడుక్కుని పిండి కలుపుతోంది. భాగ్య సంచిలోంచి పట్టీ తీసి చూపించింది. ఎస్తేరమ్మ చెయ్యి పిండిలోనే ఆగిపోయింది.

"నా సిలువే! యాడ దొరికింది మే నీకు?"

"బీరువాలో అక్కా. ఇరవైమూడులో ఇప్పుడు కూసోనేది నేనే."

ఎస్తేరమ్మ ఆమెను కిందినుంచి పైదాకా చూసింది. చెయ్యి తుడుచుకుని, గొలుసు పక్కకు జరిపి గడ్డం ఎత్తింది. "చూడు. అడిగేదానికే కదా వచ్చినావు. ముట్టుకో, ఏం కాదు."

మెడ ముందర, చర్మం మడతలోనే, వెంట్రుక మందం గీత. భాగ్య కుడిచేతి వేలితో తడిమింది. ఇంత చిన్న తలుపులోంచి వెనకున్న ఎముక దాకా పోయారా అనిపించింది.

"నొప్పి పోయిందా అక్కా?"

"పోయింది. రెండో దినమే చేతిలోని తిమ్మిరి దిగింది. గిన్నె పట్టుకుంటే గిన్నె పట్టుకున్నట్టు తెలిసింది. దేవునికి స్తోత్రం. మింగేదానికి వారం రోజులు కష్టమైంది, అంతే."

"అయితే చేపిచ్చుకోమంటావు."

"అంతట్లో లేసిపోవద్దు, కూసో. బజ్జీ తిను." మిరపకాయ బజ్జీలు రెండు కాగితంలో పెట్టి ఇచ్చింది. "ఆపరేషన్ మంచిదే. దాని తర్వాత నేను చేసిండేదే మంచిది కాదు. నాలుగు నెల్లకి మళ్లీ పనికి పోయినా. యాడ కూసోబెట్టినారు? అదే ఇరవైమూడు. ఆర్నెల్లు తిరక్కముందే మళ్లీ మొదలాయ. డాక్టరు అతికిచ్చిండేది గట్టిగానే ఉండాది. దాని పైన ఎముక పట్టుకున్యాది. అప్పుడు ఇడిసిపెట్టి వచ్చి ఈ బాణలి పెట్టుకున్యా. నిలబడి చేసే పని. మెడ జోలికి పోదు."

"డాక్టరు నాకు అరిగింది అన్నాడక్కా. వయసుకి."

ఎస్తేరమ్మ నూనెలో బజ్జీ వదిలింది. చుర్రుమంది. "నాకూ అట్లనే రాసినారు. చెప్పు అరుగుతాది. యాల అరుగుతాది? తొక్కితే. గూట్లో పెట్టిన చెప్పు అరిగిండేది ఎప్పుడన్నా చూసినావా? అరిగింది అని రాస్తారు గానీ, అరగదీసినారు అని ఒక్కరూ రాయరు."

భాగ్య బజ్జీ కొరికి కారానికి కళ్లనీళ్లు పెట్టుకుంది. అరిగింది. అరగదీసినారు. రెండు మాటలూ నోట్లో తిప్పి చూసుకుంది.

"ఎడంపక్కేనా అక్కా నీకు?"

"ఎడంపక్కే. యాల?"

"ఏంలేదు." ఇంకో ప్రశ్న మిగిలే ఉంది. దానికోసం ధర్మవరం రైలెక్కింది.

రమాదేవి ఇల్లు సందు చివర. గడపలోంచే మగ్గం చప్పుడు. ఆమె భర్త సుబ్బరాయుడు మగ్గం కింది గుంతలో కాళ్లు పెట్టుకుని నేస్తున్నాడు. పక్కన రమాదేవి కుడిచేత్తో రాట్నం తిప్పుతోంది. ఎడమచెయ్యి ఒళ్లో ఉంది. కుడిదానికన్నా సన్నగా, ఎవరిదో తెచ్చి పెట్టుకున్నట్టు. భాగ్య జరీ అంచు పట్టీ ఇచ్చింది. రమాదేవి దాన్ని ఎడమచేత్తో అందుకోబోయింది. వేళ్లు మూసుకోలేదు. పట్టీ జారి మగ్గం గుంతలో పడింది.

"చూసినావు కదమ్మా," అంది రమాదేవి నవ్వుతూనే. "కోస్తే కాళ్లు చేతులు పడిపోతాయని వీదంతా భయపెట్టినారు. కోయకుండా ఉంటే చెయ్యి పడిపోతాదని ఎవురూ చెప్పల్యా. ఇప్పుడు పోయి అడిగితే డాక్టరు ఆలస్యమైంది అన్నాడు. పోగు తెగితే ముడేసేదానికి పక్కింటామెను పిలవల్ల."

సుబ్బరాయుడు అటూ ఇటూ విసురుతున్న నాడె ఆపాడు. ఆ ముడి ఒకప్పుడు తన భార్యే వేసేది. గుంతలోంచి పట్టీ తీసి, దుమ్ము దులిపి, తన తొడ మీద పెట్టుకున్నాడు.

భాగ్య ఆ చేతినే చూస్తూ అడిగింది. "వదినా, మన ముగ్గురికీ ఎడమే ఎందుకు?"

రమాదేవి రాట్నం వదిలేసింది. "ఆ స్తంభం ఉండాదా ఇంకా?"

"ఏ స్తంభం?"

"అదేమ్మా, మిషనుకి కుడిపక్క. ట్యూబులైటు దాని ఎనక కదా ఉండేది. నీడ కరెక్టుగా సూది కాడ పడతాది. కాలరు కొస తిప్పేటప్పుడు గుడ్డ మీది గాటు కనపడాలంటే తల ఎడమకి వంచల్ల. నేను చెప్పినా. లైటు జరిపితే లేఅవుట్ చెడిపోతాది అన్నారు."

మూడేళ్లు. మూడేళ్లుగా ఆ స్తంభం పక్కనే కూర్చుంది. దానికి చున్నీ తగిలించేది, క్యారియర్ ఆనించేది. నీడ సంగతి ఒక్కనాడూ తట్టలేదు. తల వంచడం పనిలో భాగమే అనుకుంది.

సుబ్బరాయుడు పైకి వేలు చూపించాడు. కప్పులో, సరిగ్గా మగ్గం మీద, ఒక పెంకు మాత్రం గాజుది. దానిలోంచి పగలు తిన్నగా పడుగు మీద పడుతోంది. "మేము మగ్గం యాడ దించల్లో ముందు వెలుతురు చూస్తాం తల్లీ. గుంత ఆ తర్వాతే తవ్వేది. నాకు ఒక్క అక్షరం రాదు. ఆడ ఇంజినీర్లు ఉండారు."

తిరిగి వచ్చే రైల్లో భాగ్య కిటికీకి తల ఆనించి కూర్చుంది. ఆలోచించడానికి ఇక పెద్దగా ఏమీ లేదు. చేయించుకోకపోతే ఒళ్లో పెట్టుకున్న ఆ చెయ్యి తనది. చేయించుకుని అదే చోట కూర్చుంటే ఎస్తేరమ్మకు రెండోసారి వచ్చిన నొప్పి తనది. మెడ కోయడం డాక్టరు చేతిలో పని. ఆ నీడ మాత్రం డాక్టరు కోయలేడు.

సోమవారం సెలవు చీటీ పట్టుకుని ఫ్యాక్టరీకి పోయింది. ఇరవైమూడులో శ్రీదేవి కూర్చుని ఉంది. ఇరవైరెండేళ్ల పిల్ల. తల అప్పుడే ఎడమవైపు వాలి ఉంది.

"నువ్వు సెలవంటే లైను ఆపల్లా?" అన్నాడు శివప్రసాద్. "ఆ పాప కూసుంటాది."

భాగ్య సంచిలోంచి మూడు పట్టీలూ తీసి శ్రీదేవి ముందు, కుట్టబోయే కాలర్ల పక్కన వరసగా పెట్టింది. సిలువదాన్నీ జరీదాన్నీ మళ్లీ ఇస్తానని చెప్పి అడిగి తెచ్చుకుంది. "నంబర్లు చదువు పాపా."

శ్రీదేవి చదివింది. మూడుసార్లూ ఒకటే చదివింది. పెడలు మీదనుంచి కాలు తీసి లేచి నిలబడింది.

"ఏయ్, కూసో!"

"కూసోను సార్."

చుట్టుపక్కల మిషన్లు ఒకటొకటిగా ఆగాయి. శివప్రసాద్ ముఖం ఎర్రబడింది. "ఏముండాది ఆ కుర్చీలో? దయ్యముండాదా? పదేండ్లు అంగట్లో కుట్టినా నేను. చూపిస్తా చూడండి." కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కాలరు తీసుకున్నాడు, గాటుకు గాటు కలిపాడు, పెడలు నొక్కాడు. చెయ్యి తిరిగిన పనివాడే. కుట్టు తిన్నగా పోయింది. కొస దగ్గరికి వచ్చింది. తల ఎడమకు కొంచెం ఒరిగింది. ఇంకొంచెం. చెవి భుజానికి దగ్గరైంది.

శ్రీదేవి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"సార్," అంది భాగ్య మెల్లగా, "తల అట్లనే పెట్టండి. కదపాకండి."

అతను ఆగాడు. తల నిటారుగా ఎత్తాడు. సూది చూశాడు. మళ్లీ వంచి చూశాడు. మళ్లీ ఎత్తాడు. మూడోసారి సూదిని వదిలేసి పైన ట్యూబులైటును, తర్వాత స్తంభాన్ని చూశాడు.

"ఎవురు పెట్టినార్రా ఇది ఈడ?"

"స్తంభమా సార్, మిషనా?" వెనకనుంచి ఎవరో అన్నారు. లైనంతా నవ్వింది. శివప్రసాద్ నవ్వలేదు. మెడ వెనక చెయ్యి వేసి రుద్దుకుంటూ లేచాడు. "ఎలక్ట్రీషియన్ మోహన్‌ను పిలవండి," అన్నాడు. గొంతు తగ్గింది.

రెండు బోల్టులు, ఒక వైరు, అరగంట. ట్యూబులైటు స్తంభం ఇవతలికి వచ్చింది. ఆ అరగంట దొరకడానికి ముగ్గురి మెడలు కావలసి వచ్చాయి.

పోయేముందు భాగ్య శ్రీదేవిని బీరువా దగ్గరికి తీసుకుపోయింది. "ఇంకా ఏడుండాయి. ఎనిమిదో నంబరు కాడ ఏముండాదో చూడు. చూసి నాకు ఫోన్ చెయ్."

"నేనెట్ల కనుక్కునేది అక్కా?"

"పోయి కాసేపు కూసో. అది తల యాడికి లాగుతాదో చూడు."

సాయంత్రం ఆసుపత్రిలో తిరుపాల్ కూడా పక్కన నిలబడ్డాడు. మెడ చుట్టూ తువ్వాలు తానే కప్పుకున్నాడు, ఆపరేషన్ తనకే అన్నట్టు. డాక్టరు కాగితాలు తెరిచాడు.

"నిర్ణయించుకున్నావా అమ్మా?"

"కోయండి సార్."

"భయం లేదా?"

"శానా ఉండాది. అయినా కోయండి. దానికి ముందర ఒకటి." ఆమె లేచి, స్పర్శలేని ఆ వేలితోనే కాగితం మీది గడి చూపించింది. "ఈడ రాసినారే, అది కొట్టేయండి. అదుంటే సంతకం పెట్టను."

"మరేం రాయమంటావు?"

"ఇరవైమూడు."

డాక్టరు కాగితం పైన రాసిన వయసు చూసుకున్నాడు. "ముప్పై ఏడన్నావు కదా?"

"వయసు కాదు సార్. మిషను నంబరు."

డాక్టరు తిరుపాల్ వైపు చూశాడు. తిరుపాల్ భార్యను చూపించాడు. బయట ఇంకో పేషెంటు పేరు పిలుస్తున్నారు. డాక్టరు వాళ్లను కాసేపు ఆపమని నర్సుతో అన్నాడు. పెన్ను మూత తీసి, రాయకుండా పట్టుకున్నాడు.

"కూర్చో. ఏం పని, ఎలా చేస్తావు, మొదటినుంచి చెప్పు."

భాగ్య కుర్చీ ముందుకు జరుపుకుంది.

"స్తంభం కాణ్నుంచి చెప్తా సార్," అంది.